నొప్పి మీట

ఆ మనిషిని మీరే చంపారు. మెలిక పడ్డ పేగు చంపలేదు, అనుభవం లేని ఆ చిన్న డాక్టరమ్మ చెయ్యి చంపలేదు, ఆయన తలరాత అసలే చంపలేదు. పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుని, ఇంకా బల్ల కూడా ఎక్కని ఆరుగురు రోగుల కాగితాల మీద "నా సమక్షంలో జరిగింది" అని ఆరు సంతకాలు గీకి పారేసి వెళ్ళిపోయిన పెద్ద డాక్టరు గారూ, మీరు చంపారు. అద్దాల గదిలో ఆ యంత్రం పక్కన నిలబడి ఫొటోలు దిగి, అది ఏం చెప్పడానికి పుట్టిందో ఒక్కనాడూ వినని కమిటీ పెద్దలూ, మీరు చంపారు. చంపి, చేతులు దులుపుకుని, ఆ దుమ్ము కూడా పైపులక్క చేత చచ్చినవాడి నెత్తినే పోయిద్దామని చూశారు.

ఆవిడ పొయ్యలేదు. ఆ సంగతే ఇది.

పైపులక్క అంటే ఆ ఆసుపత్రిలో తెలియనివాళ్ళు లేరు. పదిహేడేళ్ళుగా ఎండోస్కోపీ గదిలో పైపులు కడిగేది ఆవిడే. నోట్లోంచి వేసేది సన్న పైపు, కింది నుంచి వేసేది లావు పైపు. రోగి ఒంట్లోంచి బయటికి రాగానే తుడిచి, లోపలి గొట్టంలో బ్రష్షు దూర్చి తోమి, మందునీళ్ళలో నానబెట్టి, గాలి కొట్టి ఆరబెట్టి, బీరువాలో నిలువునా వేలాడదీస్తుంది. ఆ మందునీళ్ళకి ఆవిడ వేళ్ళు ఎప్పుడో రంగు మారిపోయాయి. డాక్టరు పైపు నడుపుతుంటే పక్కన నిలబడి రోగి పొట్ట నొక్కిపట్టేదీ ఆవిడే. లోపల పైపు ఎటు పోతోందో, ఎక్కడ మెలిక పడిందో ఆ అరచేతికి తెలుసు. "పైపులక్క చేతికి కళ్ళున్నాయి" అనేవారు అందరూ. కళ్ళున్నాయి సరే, నోరు లేదు. ఆ గదిలో పొట్ట నొక్కేవాళ్ళకి నోరు ఉండకూడదు.

మూడేళ్ళ కిందట అద్దాల గదిలోకి బొమ్మ వచ్చింది. తలా కాళ్ళూ లేని ప్లాస్టిక్ మొండెం. దానికో రంధ్రం, పక్కన అచ్చం నిజం పైపులాంటి పైపు, ఎదురుగా పెద్ద తెర. పైపు లోపలికి తోస్తే తెర మీద గులాబీ రంగు పేగు విచ్చుకుంటుంది. ఎండోస్కోపీ నేర్చుకునే డాక్టర్లు మనిషిని ముట్టుకునే ముందు దీని మీద చెయ్యి తిప్పుకోవాలి. బిగించడానికి వచ్చిన ఇంజనీరు గదిలో ఉన్నవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పాడు:

"దీని మీద వందసార్లు తప్పు చెయ్యండి. తప్పు చేస్తే ఇది ఏడుస్తుందే గానీ చావదు."

నిజంగానే ఏడ్చేది. పైపు నెమ్మదిగా పోతే కిమ్మనదు. మెలికలో ఇరుక్కున్నా మొండిగా నెట్టారా, ముందు మూలిగేది. ఇంకా నెడితే "అబ్బా" అనేది. అప్పటికీ ఆగకపోతే గది అదిరేలా అరిచి, మార్కులు కోసేసేది. వెనక్కి లాగి, మెలిక విప్పుకుని, అప్పుడు ముందుకి పో అని దాని భాషలో అది చెప్పే మాట. నోరున్న బొమ్మ. దాని విలువంతా ఆ నోట్లోనే ఉంది.

బొమ్మ వచ్చిన నెలకి ప్రారంభం పెట్టారు. ఆ రోజున ఓ పెద్దమనిషి రిబ్బను కత్తిరించాడు. పెద్ద డాక్టరు తనే పైపు అందుకుని గబగబా నెట్టి చూపించబోయాడు. బొమ్మ కెవ్వుమంది. పెద్దమనిషి ఒక అడుగు వెనక్కి వేసి, "ఏమయ్యా డాక్టరూ, బొమ్మనే ఇంత ఏడిపిస్తే ఇక మనుషుల్ని ఏం చేస్తున్నావు?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. పెద్ద డాక్టరు కూడా నవ్వాడు. నవ్వింది పళ్ళే, మొహం మాడిపోయింది.

మర్నాడు పైపులక్కని పిలిచాడు.

"దీని నోరు మూయించు."

"సౌండు తగ్గించనా సార్?"

"సౌండు కాదు. నొప్పే తీసెయ్. నెల రోజులైంది, ఒక్కడికీ యాభై దాటలేదు. ఎనభై వస్తే గానీ సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్లు లేకపోతే మనకి గుర్తింపు రాదు. బొమ్మ ఏడుపు కోసం డిపార్ట్‌మెంటు మూసుకోమంటావా?"

తెర మీద ఓ మూల చిన్న వరస ఉంది. "రోగి నొప్పి" అని. పక్కన రెండు మీటలు: ఉంది, లేదు. పైపులక్క "లేదు" నొక్కింది. "నిజంగా తీసెయ్యాలా?" అని యంత్రం ఇంకోసారి అడిగింది. ఆవిడ "అవును" నొక్కింది. యంత్రానికైనా రెండోసారి అడగాలన్న బుద్ధి ఉంది. ఆ ఆసుపత్రిలో మనుషులెవరికీ ఒక్కసారైనా అడగాలని తోచలేదు.

అప్పటిదాకా దాన్ని "ఏడుపుగొట్టు" అని పిలిచిన పిల్ల డాక్టర్లు ఆ రోజు నుంచి "బుద్ధిమంతుడు" అని పేరు మార్చారు. బుద్ధిమంతుడి మీద ఎంత నెడితే అంత దారి. ఎంత తొందరగా పేగు చివరికి చేరితే అన్ని మార్కులు. అరవైలు వచ్చాయి, ఎనభైలు వచ్చాయి. ఆ తర్వాత కొత్తగా చేరిన చిన్న డాక్టరమ్మకి నాలుగున్నర నిమిషాల్లో తొంభై ఎనిమిది వచ్చింది. ఆ అమ్మాయి ఫొటో గోడకెక్కింది. చెడ్డ పిల్ల కాదు. పొద్దున రాగానే "అక్కా, టీ తాగావా?" అని అడిగే పిల్ల. నేర్పినదే నేర్చుకుంది. నేర్పింది ఏమిటో ముందు ముందు తెలుస్తుంది.

ఆ గదికి రెండు రంగుల చీటీలు ఉండేవి. తెల్ల చీటీ రోగికి పెద్ద డాక్టరు చేస్తాడు, మత్తు డాక్టరు వస్తాడు, రోగి నిద్రలో ఉండగానే పని అయిపోతుంది. నీలం చీటీ రోగికి నేర్చుకునేవాళ్ళు చేస్తారు, మత్తు ఉండదు. ఏ రంగుకి ఏ అర్థమో రోగులకి ఎవరూ చెప్పరు. చీటీలు రాసేది పైపులక్కే.

ఒక సోమవారం ఆవిడ అక్కా బావా వచ్చారు. బావ దర్జీ. ముప్పయ్యేళ్ళుగా కుట్టుమిషను ముందు కూర్చుని కూర్చుని వీపు కొడవలిలా వంగింది, నోరు మాత్రం కత్తెరలా ఆడుతుంది. పైపులక్క తొడుక్కునే కోటు ఆయన కుట్టిందే. "ఆసుపత్రిలో అన్నీ కొట్టేస్తారట, దాచుకో" అని లోపలి వైపు ఓ దొంగజేబు కూడా వేసిపెట్టాడు. రెండు నెలలుగా దొడ్డికి వెళితే నెత్తురు పడుతోంది. సిగ్గుపడి దాచాడు. బట్టలు ఉతికేటప్పుడు అక్క కంటపడింది.

"కింది నుంచి కెమెరా పెడతారటగా మరదలా. ఫొటో బాగా వస్తే మీ అక్కకి చూపించు. ముప్పయ్యేళ్ళ కాపురంలో నా లోపల ఏముందో ఆవిడకి అంతుపట్టలేదు."

"ఏముంటుంది, ఉత్త గాలి" అంది అక్క. "నవ్వకే నువ్వు. నవ్వితే ఇంకా రెచ్చిపోతాడు. వారం నుంచి తిండి సహించట్లేదు ఈయనకి. ఎప్పుడు చేస్తారో చెప్పు."

తెల్ల చీటీ అయితే నాలుగు నెలలు ఆగాలి. నెత్తురు నాలుగు నెలలు ఆగుతుందా? నీలం చీటీ అయితే ఎల్లుండి బుధవారం. పైపులక్క కలం పట్టుకుంది. ఎల్లుండి లిస్టు చిన్న డాక్టరమ్మది. తొంభై ఎనిమిది మార్కుల పిల్ల. పక్కన తనుంటుంది, తన చెయ్యి ఉంటుంది. నీలం చీటీ మీద బావ పేరు రాసింది.

బుధవారం బల్ల ఎక్కించే ముందు, పచ్చ గౌను తగిలించుకున్న బావ వెనక చీలిక పట్టుకుని, "ఏ దౌర్భాగ్యుడు కుట్టాడమ్మా దీన్ని, వెనక కుట్టడం మర్చిపోయాడు" అంటున్నాడు. పైపులక్క దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"బావా, లోపల కాస్త నొప్పెడుతుంది. మత్తు ఉండదు. ఓర్చుకో. అరిచి గోల చేసి నా పరువు తియ్యకు. అందరూ నాతో పనిచేసేవాళ్ళే."

"నీ పరువు నా పరువు కాదా? చూడు." ఆయన బొటనవేలూ చూపుడువేలూ కలిపి, లేని సూదితో పెదవుల మీద ఇటునుంచి అటు కుట్టేసుకున్నాడు. "డబుల్ కుట్టు వేశాను. ఊడదు."

పక్కకి తిప్పి పడుకోబెట్టారు. చిన్న డాక్టరమ్మ పైపు అందుకుంది. గోడ మీద గడియారం వైపు ఓసారి చూసింది. బుద్ధిమంతుడు నేర్పిన అలవాటు అది. పెద్ద డాక్టరు సంతకాలు గీకి అప్పటికే పై అంతస్తులో తెల్ల చీటీల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మొదటి నిమిషం బాగానే పోయింది. పొట్ట ఎడమవైపు మెలిక దగ్గర పైపు ఆగింది. పైపులక్క అరచేతి కింద అది విల్లులా వంగి పైకి లేచింది.

"మేడమ్, మెలిక పడింది. కాస్త వెనక్కి లాగి సరిచేసుకోండి."

"అక్కా, బుద్ధిమంతుడి మీద సరిగ్గా ఇక్కడ నెడితేనే దారొచ్చింది. నువ్వు గట్టిగా నొక్కిపట్టు, చాలు."

నొక్కిపట్టింది. చిన్న డాక్టరమ్మ నెట్టింది. బావ గొంతులోంచి చప్పుడు లేదు. ఆయన కుడి పాదం మాత్రం కదలడం మొదలుపెట్టింది. మడమ ఆనించి, వేళ్ళు పైకీ కిందికీ, పైకీ కిందికీ. కుట్టుమిషను తొక్కుతున్నట్టు. పైపులక్క చూసింది. ఈ మనిషి ఇక్కడ కూడా వేళాకోళం మానడు కదా అనుకుంది. అనుకుని, నవ్వింది.

ఆ నవ్వు ఆవిడని కాటి దాకా వదలదు.

పాదం జోరు పెరిగింది. ఆయన చెయ్యి వచ్చి ఆవిడ కోటు అంచు పట్టుకుంది, తను కుట్టిన అంచునే. కళ్ళలోంచి నీళ్ళు ముక్కు మీదుగా దిండు మీదికి కారుతున్నాయి. పెదవులు రెండూ లోపలికి మడిచి పళ్ళ కింద పెట్టుకున్నాడు. అప్పటికి ఆవిడ నవ్వు ఆగింది. "మేడమ్..." అని నోరు తెరిచేలోపు అరచేతి కింద బిగిసి ఉన్నది ఒక్కసారిగా వదులైపోయింది. లాగిపట్టిన బట్ట పర్రున చినిగితే చేతికి ఎలా తెలుస్తుందో అలా తెలిసింది.

"దాటేసింది! చూశావా?" అంది చిన్న డాక్టరమ్మ. పేగు చివరికి చేరేసరికి నాలుగు నిమిషాల యాభై సెకన్లు. నుదుటి చెమట భుజానికి తుడుచుకుని, సంతోషం పట్టలేక, "మీ బావ బుద్ధిమంతుడక్కా!" అంది.

అరగంటకి పొట్ట ఉబ్బింది. గాలి అన్నారు. నడిపించమన్నారు. బావ నాలుగడుగులు వేసి గోడ పట్టుకున్నాడు.

"పెద్ద సార్‌ని పిలుద్దామా మేడమ్?" అంది పైపులక్క.

చిన్న డాక్టరమ్మ మొహం పాలిపోయింది. "సమక్షంలో అని సంతకం ఉంది కదక్కా. ఇప్పుడు పిలిస్తే ఆయన లేరని తెలిసిపోతుంది. నా శిక్షణ పోతుంది. గాలే అక్కా. గాలే అయ్యుంటుంది."

పైపులక్క మెట్ల దాకా వెళ్ళింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. పదిహేడేళ్ళలో ఆ మెట్లెక్కి పెద్ద డాక్టరుని పిలిచినవాళ్ళెవరూ లేరు. కాలు వెనక్కి తీసుకుంది. ఎవరు తియ్యమన్నారు? ఎవరూ అనలేదు. అనక్కర్లేకుండా మనుషుల్ని తయారుచేశారు. అదే మీ అసలు శిక్షణ.

మధ్యాహ్నం రెండింటికి కాగితం ఇచ్చి ఇంటికి పంపేశారు. ఇంట్లో బావ మంచం మీద ముడుచుకుని పడుకుని మూలుగుతుంటే, "ఆపు నీ వేషాలు. అందరూ చేయించుకునేదే, నీకొక్కడికేనా నొప్పి?" అంది అక్క. ముప్పయ్యేళ్ళుగా ఆయన ప్రతి తలనొప్పికీ చచ్చిపోయినట్టు నటించి ఆవిడని ఏడిపించినవాడే. ఈసారి మాత్రం నటన కాదని ఆవిడకి తెల్లారాక తెలిసింది. పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది.

కడుపు కోసి చూసిన సర్జన్ పేగుకి చిరుగు ఉందన్నాడు. ఎంత అని అక్క అడిగితే వేళ్ళతో చూపించాడు. చొక్కాకి బొత్తాం పెట్టే కాజా అంత. ఆ కాజాలోంచి లోపలి మలినమంతా కడుపులోకి దిగింది. జీవితంలో లక్ష కాజాలు కుట్టిన మనిషికి ఒక్క కాజా కుట్టడం ఆలస్యమైంది.

మూడో రోజు ఆయనకి కాస్త తెలివి వచ్చింది. పైపులక్కని కళ్ళతోనే దగ్గరికి పిలిచాడు. గొంతు పెగల్లేదు, గాలి మాత్రం వచ్చింది.

"కుట్టు... ఊడలేదు కదా మరదలా?"

నాలుగో రోజు పోయాడు.

ఆయన పోయాక రెండో మంగళవారం విచారణ కమిటీ కూర్చుంది. ముగ్గురు పెద్దలు. పక్కన పెద్ద డాక్టరు. మూలన తల వంచుకుని చిన్న డాక్టరమ్మ. బల్ల మీద కాగితం ముందే టైపు చేసి ఉంది. పైపులక్కకి నిలబడ్డచోటి నుంచే ఓ వాక్యం కనిపించింది: "పరీక్ష జరుగుతుండగా రోగి తనకు నొప్పి ఉన్నట్టు తెలియజేయలేదు."

"అమ్మా, నువ్వు పక్కనే ఉన్నావు. రోగి అరిచాడా?" అన్నాడు అధ్యక్షుడు.

"లేదండీ."

"మూలిగాడా?"

"లేదండీ. ఎందుకు మూలగలేదో..."

"అడిగినదానికి చెప్పు. లేదంది, రాసుకోండి."

చచ్చినవాడి ఓర్పే చంపినవాళ్ళకి సాక్ష్యమైంది. కమిటీ లేచింది. డాక్టరమ్మకి సరైన శిక్షణ ఉందని రాయాలి కదా, అందుకని ఆ శిక్షణ యంత్రం ఓసారి చూసి పోదామన్నారు. పెద్ద డాక్టరు మొహం వెలిగింది. "తొంభై ఎనిమిది మార్కులు సార్. మీరే చూడండి. అమ్మాయ్, చేసి చూపించు."

అద్దాల గదిలో యంత్రం వేసింది పైపులక్కే, రోజూ వేసేది ఆవిడే కనక. తెర మూలన ఆ చిన్న వరస. మూడేళ్ళ కిందట నొక్కిన వేలే మళ్ళీ దాని మీదికి వెళ్ళింది. "ఉంది" నొక్కింది. ఈసారి యంత్రం రెండోసారి అడగలేదు.

చిన్న డాక్టరమ్మ పైపు పట్టుకుంది. ఒక నిమిషం నిశ్శబ్దం. ఎడమవైపు మెలిక దగ్గర పైపు ఆగింది. ఆ అమ్మాయి చేతికి తెలిసింది ఒకటే, నెట్టింది. బొమ్మ మూలిగింది. చిన్న డాక్టరమ్మ ఉలిక్కిపడింది. దాని గొంతు ఆ పిల్ల వినడం అదే మొదటిసారి. చెయ్యి అలవాటు కొద్దీ ఇంకా నెట్టింది. "అబ్బా!" అంది బొమ్మ. కమిటీలో ఒకాయన చేతిలో కళ్ళజోడు కింద పడింది. మూడో కేకకి గది అద్దాలు ఘల్లుమన్నాయి. తెర మీద ఎర్రగా అంకె పడింది: ఇరవై ఆరు.

చిన్న డాక్టరమ్మ పైపు వదిలేసి నేల మీద కూలబడింది. "అరుస్తుందా ఇది? అక్కా, ఇది అరుస్తుందా? నాకెవరూ చెప్పలేదే!"

"ఎవడే దీన్ని మార్చింది? తీసెయ్, తీసెయ్ ముందు!" పెద్ద డాక్టరు చెయ్యి చాచాడు. పైపులక్క తెరకి అడ్డంగా నిలబడింది. బొమ్మ వెనకాల ఏడుస్తూనే ఉంది.

"నేనే సార్. ఆ రోజు మీరు తీసెయ్యమంటే తీసింది నేనే. ఇవాళ వేసింది కూడా నేనే. బొమ్మ నోరు నొక్కాను, మా బావ నోరూ నొక్కాను. నా పేరు కూడా రాయండి, పారిపోను. కానీ మొదట మీ పేరు రాయండి. ఆయన అరవలేదని రాశారే, అరిస్తే వినేవాళ్ళు ఈ ఆసుపత్రిలో ఉన్నారా? ఉంటే ముందుకి పిలవండి, చూస్తాను."

"ఏయ్, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా? రేపటి నుంచి రానక్కర్లేదు నువ్వు."

"రాను లెండి. రేపు బుధవారం." ఆవిడ కోటు లోపలి దొంగజేబులోంచి ఆరు నీలం చీటీలు తీసింది. వాటిని అధ్యక్షుడి మొహం ముందు పట్టింది. "వీళ్ళు పొద్దున ఎనిమిదింటికి వస్తారు. ఒకావిడ ఇద్దరు పిల్లల తల్లి. ఒకాయన లారీ నడుపుతాడు. ఈ రంగుకి అర్థం వీళ్ళకి తెలియదు. రేపటి లిస్టు ఇప్పుడే ఆపండి, ఇక్కడే, నా ఎదురుగా రాసి సంతకం పెట్టండి. ఈ మీట ఇక ఎవరి వేలికీ అందకుండా సీలు వెయ్యండి. గోడ మీద మార్కులన్నీ చెరిపెయ్యండి. ఇది ఏడవకుండా చివరిదాకా వెళ్ళినవాళ్ళే మనిషిని ముట్టుకోవాలి, సంతకం పెట్టేవాడు బల్ల పక్కన నిలబడాలి. ఆ టైపు కాగితం చింపండి. మా అక్క దగ్గరికి వెళ్ళి, ఆయన నొప్పి నటన కాదని మీ నోటితో చెప్పండి."

పెద్ద డాక్టరు మళ్ళీ మీట వైపు చెయ్యి చాచాడు. పైపులక్క ఆ మణికట్టు పట్టుకుంది. మందునీళ్ళకి రంగు మారిన ఆ వేళ్ళు వదల్లేదు.

"దాన్ని ఏడవనివ్వండి సార్. కూర్చోండి. ముందు వినండి."